30 పడకల వార్డుకు ఎంతమంది నర్సులు కావాలి? మీరు ఎలా లెక్క కడుతున్నారు?

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

అందరికీ నమస్కారం. ఉమ్మడి పాలమూరు జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో సీనియర్ నర్సింగ్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. ఏ ఆసుపత్రి అని అడగవద్దు, చెప్పను. మగవారి మెడికల్ వార్డు నా బాధ్యత. మంజూరైన పడకలు 30. హాజరుపట్టీలో నర్సుల పేర్లు 9. అదనపు పోస్టులు కావాలని సూపరింటెండెంట్ గారి ద్వారా పైకి రాశాం. ‘పనిభారానికి ఆధారాలు జతపరచవలెను’ అన్న ఒక్క ముక్కతో ఫైలు వెనక్కి వచ్చింది.

మొదట ఒళ్లు మండింది. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తడం ఆధారం కాదా అనుకున్నాను. కానీ ఒత్తిడి అన్న మాటకు ఎవరూ పోస్టు మంజూరు చేయరు. అంకె కావాలి.

మీ ఆసుపత్రుల్లో నర్సుల పనిని ఎలా కొలుస్తున్నారు? పడకల లెక్కా, రోగుల లెక్కా, గంటల లెక్కా? చేసి చూసినవారు ఉంటే చెప్పండి. సంఘాల గొడవలు, పార్టీల మాటలు ఇక్కడికి తేవద్దని మనవి.

ఫైలుబాబు (నల్లగొండ)

మేడమ్, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో చాలాకాలంగా ఉన్నవాడిని కాబట్టి ఉన్నమాట చెబుతున్నాను. ఆర్థిక శాఖ దాకా వెళ్లే ఫైలులో నిలబడేది పడకల లెక్క ఒక్కటే.

కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖలోని స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ 1991-92లో ఇచ్చిన ప్రమాణాలు ఇప్పటికీ అందరూ చూపేవి. సాధారణ వార్డులో 6 పడకలకు ఒక నర్సు, ప్రత్యేక వార్డులో 4 పడకలకు ఒకరు, ఐసీయూలో పడకకు ఒకరు, పెద్ద ఆపరేషన్ టేబుల్‌కు ఇద్దరు, కాన్పుల గదిలో టేబుల్‌కు ఒకరు. వచ్చిన మొత్తానికి వారపు సెలవులు, ఇతర సెలవుల కోసం 45 శాతం కలపాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క వేరు. బోధనాసుపత్రిలో 3 పడకలకు ఒకరు, సాధారణ ఆసుపత్రిలో 5 పడకలకు ఒకరు, పైన 30 శాతం సెలవు రిజర్వు.

మీ వార్డు సంగతి చూద్దాం. 30ని 6తో భాగిస్తే 5. దానికి 45 శాతం కలిపితే 7.25. మీకు 9 మంది ఉన్నారు. ఈ లెక్కన మీ దగ్గర మనుషులు ఎక్కువే! ఫైలు వెనక్కి రావడంలో వింత ఏముంది?

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

ఎక్కువా? ఒక రాత్రి మా వార్డులో గడిపి వెళ్లండి సార్, కుర్చీ నేనే వేయిస్తాను.

ఎక్కాలపుస్తకం (మిర్యాలగూడ)

ఆ 7.25 చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. మా కోడలు నర్సు.

ముందు ఒక చిన్న ప్రశ్న. వార్డులో రాత్రీ పగలూ ఏ క్షణంలో చూసినా ఒక్క నర్సు ఉండాలంటే ఎంతమందిని నియమించాలి? ముగ్గురు అని చాలామంది అంటారు. మూడు షిఫ్టులు కదా!

సంవత్సరానికి 8,760 గంటలు. ఒక నర్సు పని చేసే రోజులు ఎన్ని? 365లో వారపు సెలవులు 52 తీసేయండి. సీఎల్ (క్యాజువల్ లీవు) 15, ఈఎల్ (ఆర్జిత సెలవు) 30. పండుగ సెలవులు, శిక్షణ, జ్వరం వచ్చి పడుకున్న రోజులు అన్నీ కలిపి మరో 15 అనుకుందాం. మిగిలేవి 253 రోజులు. ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8. ఈ మూడింటి సగటు 8 గంటలు. 253ను 8తో హెచ్చిస్తే 2,024 గంటలు. 8,760ని 2,024తో భాగించండి. 4.33.

అంటే ఒక్క స్థానం ఏడాది పొడవునా ఖాళీ కాకుండా ఉండాలంటే నలుగురు చాలరు. ప్రసూతి సెలవు 180 రోజులు ఇందులో కలపనే లేదు. ఇప్పుడు ఫైలుబాబు గారి 7.25 మందిని 4.33తో భాగిస్తే 1.67. ఏ సమయంలోనైనా వార్డులో ఉండేది సగటున ఒకటిన్నర చిల్లర మంది. 30 మంది రోగులకు లెక్కిస్తే ఒక్కో నర్సుకు దాదాపు 18 మంది. కాగితం మీద 6 పడకలకు ఒకరు, వార్డులో 18 మందికి ఒకరు!

ఫైలుబాబు (నల్లగొండ)

మాస్టారూ, మీరు అడుగుతున్నది షిఫ్టుకు 6 పడకలకు ఒకరు అని. అలా చదివితే 5 మంది, మూడు షిఫ్టులకు 15, దానికి 45 శాతం కలిపితే 21.75. ఒక వార్డుకు 22 పోస్టులా! అంత సంఖ్య చూసి సంతకం పెట్టే అధికారిని నేనింతవరకు చూడలేదు. ఆ ప్రమాణాన్ని రోజు మొత్తానికి అని చదివేవారు ఉన్నారు, షిఫ్టుకు అని చదివేవారూ ఉన్నారు. ఖర్చు తక్కువ అయ్యేలా చదవడం ఆఫీసుల అలవాటు. నేను సమర్థించడం లేదు, జరిగేది చెబుతున్నాను.

ఎక్కాలపుస్తకం (మిర్యాలగూడ)

జరిగేది చెప్పారు, సంతోషం. ఆ 45 శాతంలో ఏముందో చూడండి. 365ను 253తో భాగిస్తే 1.44. దాదాపు అదే 45 శాతం. అంటే అది సెలవు మీద ఉన్నవారి స్థానంలో మరొకరిని నిలబెట్టడానికే సరిపోతుంది. షిఫ్టులు కూడా అందులోనే ఇమిడిపోయాయని అనుకోవడానికి వీల్లేదు.

రోజు మొత్తానికి 5 మంది అంటే ఉదయం ఇద్దరు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఒకరు. పిల్లలమర్రి మేడమ్ చెప్పిన రాత్రి పరుగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిందా?

డిండి డాక్టరు (దేవరకొండ)

మీరిద్దరూ 7కీ 22కీ మధ్య కొట్టుకుంటున్నారు, బాగుంది. కానీ రెండూ పడకల లెక్కలే. పడకకు పని ఉండదు, దాని మీద పడుకున్న మనిషికి ఉంటుంది.

మా దగ్గర నాట్లు మొదలయ్యే కాలంలో పాముకాటు కేసులు వరుసగా వస్తాయి. రక్తం గడ్డకడుతోందో లేదో చూసే 20 నిమిషాల పరీక్ష ఉంది. గాజు గొట్టంలో రక్తం తీసి కదపకుండా నిలబెట్టి, 20 నిమిషాల తరువాత వంచి చూడాలి. విషానికి విరుగుడు మందు ఎక్కిస్తున్నప్పుడు దురద, ఆయాసం, బీపీ పడిపోవడం ఏ నిమిషంలోనైనా మొదలు కావచ్చు. పక్కన ఒక మనిషి కదలకుండా ఉండాలి. పత్తి చేలో మందు కొడుతూ విషం ఎక్కినవారికి మొదట్లో అట్రోపిన్ ఇస్తూ కొద్ది నిమిషాలకొకసారి ఊపిరితిత్తులు, కంటిపాప, నాడి చూస్తూ పోవాలి. అలాంటి రోగి ఒక్కరుంటే మొదటి రెండు మూడు గంటలు ఒక నర్సు మొత్తం అతనికే. పక్క మంచం మీద టైఫాయిడ్ తగ్గి రేపు ఇంటికి వెళ్లే కుర్రాడు ఫోను చూసుకుంటూ ఉంటాడు. రికార్డులో ఇద్దరూ ఒక్కొక్క పడకే.

మర్రిగూడ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో ఫ్లోరైడ్ వల్ల వెన్ను బిగుసుకుపోయినవారు ఇంకా ఉన్నారు. అలాంటివారు న్యుమోనియాతో చేరితే రోగం పేరు న్యుమోనియా. కానీ పక్కకు తిప్పడానికి, కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. అది ఏ రిజిస్టరులోనూ ఉండదు.

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

డాక్టరు గారూ, నా మనసులో మాట చెప్పారు. ఇంకొకటి. 30 పడకలు అన్నానే గాని వానాకాలం జ్వరాలప్పుడు మా వార్డులో 45 మంది దాకా ఉంటారు. మంచాల మధ్య పరుపులు, వరండాలో పరుపులు. వారికీ సెలైన్ పెట్టాలి, వారికీ కేస్ షీట్ ఉంటుంది. స్టాండు దొరక్కపోతే కిటికీ చువ్వకు బాటిల్ కట్టాలి, అది అదనం. మంజూరైన పడకలు 30 కాబట్టి నాకు పని 30 మందిదే అనడం, సీట్లు లెక్కపెట్టి బస్సులో కండక్టరుకు టికెట్లు ఇన్నే అని తేల్చినట్లుంది.

సోమశిల (నాగర్‌కర్నూలు)

నర్సింగ్ కాలేజీలో ట్యూటరును. ఎమ్మెస్సీలో నా పని దీని మీదే కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పద్ధతి ఒకటి ఉంది, విస్న్ అంటాం. పూర్తి పేరు వర్క్‌లోడ్ ఇండికేటర్స్ ఆఫ్ స్టాఫింగ్ నీడ్. 1998లో మొదటి మాన్యువల్ వచ్చింది, 2010లో సవరించి కంప్యూటర్ ప్రోగ్రాంతో సహా ఇచ్చారు. ఇది పడకలతో మొదలుకాదు. ఏడాదిలో జరిగిన పని ఎంత, మంచి ప్రమాణంలో ఒక్కో పనికి పట్టే సమయం ఎంత, ఒక మనిషికి ఏడాదిలో ఉన్న పని గంటలు ఎన్ని, ఈ మూడింటితో నడుస్తుంది. మూడోది మాస్టారు ఇప్పటికే చేసిపెట్టారు, 2,024.

పిల్లలమర్రి మేడమ్ వార్డునే నమూనాగా తీసుకుని నడిచి చూద్దాం. నిమిషాలు నేను ఊహించి వేసినవి, మీ వార్డులో కొలిచి మార్చుకోండి.

ఒక రోగికి రోజుకు: బీపీ, జ్వరం, నాడి, శ్వాస నాలుగుసార్లు చూడటానికి 20 నిమిషాలు. మందులు, ఇంజెక్షన్లు 40. సెలైన్, కాన్యులా చూడటం 15. శుభ్రత, పక్కకు తిప్పడం, తినిపించడంలో సాయం 20. కేస్ షీట్ రాయడం 15. మొత్తం 110 నిమిషాలు. 30 మందికి ఏడాదికి 20,075 గంటలు. 2,024తో భాగిస్తే 9.92 మంది.

రోజుకు 8 అడ్మిషన్లు, ఒక్కొక్కటి 40 నిమిషాలు. ఏడాదికి 1,947 గంటలు, 0.96 మంది. 8 డిశ్చార్జిలు, 25 నిమిషాల చొప్పున, 0.60 మంది. రోగుల పని మొత్తం 11.48.

ఇక అందరూ చేసే ఇతర పనులు. డ్యూటీ అప్పగింత, రౌండ్లు, ఇండెంట్లు, రిజిస్టర్లు. వీటికి ఒక్కొక్కరి సమయంలో 20 శాతం పోతుందనుకుందాం. 20 శాతం కలపకూడదు, 0.80తో భాగించాలి, అంటే 1.25తో హెచ్చించాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 11.48ని 1.25తో హెచ్చిస్తే 14.35. చివరగా కొందరే చేసే పనులు. డ్యూటీ చార్టు వేయడం, నెలవారీ నివేదికలు, విద్యార్థులకు నేర్పడం. వీటిని శాతంగా కాదు, గంటలుగా తీసుకుంటారు. ఏడాదికి 1,012 గంటలైతే సగం మనిషి. మొత్తం 14.85. అంటే 15 మంది.

ఉన్నది 9, కావలసింది 15. నిష్పత్తి 0.6. అది 1 అయితే సరిగ్గా ఉన్నట్లు, 1 కంటే తగ్గేకొద్దీ భారం పెరుగుతున్నట్లు.

ఇప్పుడు 45 మంది రోగులను పెట్టండి. అడ్మిషన్లు అవే అనుకున్నా 9.92 కాస్తా 14.88 అవుతుంది. మొత్తం 21 దాటుతుంది. పడకల సంఖ్య మాత్రం మారలేదు, అదే 30.

ఫైలుబాబు (నల్లగొండ)

ఇది నాకు నచ్చింది. 7కీ 22కీ మధ్య 15 అని ఒక కారణంతో వచ్చిన అంకె. కానీ ‘నిమిషాలు ఎవరు చెప్పారు?’ అని మొదటి ప్రశ్న వేస్తారు. దానికి జవాబు సిద్ధం చేసుకోండి.

ఇంకో మాట. ‘రోగుల సంఖ్య’ అంటే మీరు ఏ అంకె ఇస్తారు? సాధారణంగా పంపేది అర్ధరాత్రి లెక్క. ఉదయం 9కి చేరి సాయంత్రం 7కి వేరే ఆసుపత్రికి పంపిన మనిషి అందులో ఉండడు. అలాంటి వారి మీదే ఎక్కువ పని పడుతుందని మా సెక్షన్‌లో ఎవరికీ తట్టదు.

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

నిజం సార్. హైవే మీద ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవారిని కాస్త నిలబెట్టి హైదరాబాద్ పంపుతాం. ఆ నాలుగైదు గంటల పని మా లెక్కలో సున్నా.

రాత్రిదీపం (నల్లగొండ)

నేను ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నర్సును. మా వైపు ఈ కొలతలు వేరేగా ఉంటాయి. పాతది టిస్ (థెరప్యూటిక్ ఇంటర్వెన్షన్ స్కోరింగ్ సిస్టమ్), 1974లో వచ్చింది. రోగికి చేసే చికిత్సలకు మార్కులు వేసేది. వెంటిలేటరుకు ఇన్ని, రక్తం ఎక్కిస్తే ఇన్ని అని. దాని లోపం ఏమిటంటే యంత్రం ఉంటేనే మార్కులు వస్తాయి. యంత్రం లేకుండా మంచం దిగి పారిపోబోయే రోగిని పట్టుకుని కూర్చుంటే మార్కులు రావు.

2003లో మిరాండా బృందం ఇచ్చిన నర్సింగ్ యాక్టివిటీస్ స్కోరులో 23 అంశాలు ఉన్నాయి. ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పడం, బంధువులతో మాట్లాడటం, కాగితాల పని కూడా అందులో ఉన్నాయి. మార్కులు సమయం మీద ఆధారపడ్డవి. 100 అంటే ఒక నర్సు 24 గంటల పని. అత్యధికం 177. అంటే ఒక్క రోగికి ఒక నర్సు చాలని పరిస్థితి ఉంటుందని ఆ పట్టికే ఒప్పుకుంటోంది. రోజూ ప్రతి రోగికి వేసి కూడితే ఈ ఐసీయూకు ఈ రోజు ఎంతమంది కావాలో వస్తుంది.

మా ఇన్‌ఛార్జి మేడమ్ మొదలుపెట్టించారు. కొంతకాలం వేశాం. తరువాత యాజమాన్యం ఆ కాగితాలు అడగడం మానేసింది, మేమూ వేయడం మానేశాం. అంకె ఎక్కువ వచ్చిన రోజు అదనంగా ఎవరూ రాకపోతే ఆ పట్టిక నింపడం కూడా ఒక పనిభారమే కదా.

కొల్లాపూర్ మామిడి (కొల్లాపూర్)

నేను నర్సునూ కాదు, డాక్టరునూ కాదు. తోట చూసుకునే రైతును. పోయిన ఏడాది మా నాన్నకు పక్షవాతం వస్తే ఒక పెద్ద ఆసుపత్రిలో ఆయన పక్కనే ఉన్నాను. మీ చర్చ చదువుతుంటే ఒక సందేహం వచ్చింది.

మా నాన్నను పక్కకు తిప్పింది నేను. ముక్కు గొట్టంలో జావ పోయడం ఒకసారి చూపించి నాకే అప్పగించారు. సెలైన్ అయిపోతే పరుగెత్తి చెప్పింది నేను. మూత్రం సంచి కొలిచి చీటీ మీద రాసి ఇచ్చింది కూడా నేనే. సిస్టర్లను అనడం లేదు, వాళ్లకు నీళ్లు తాగే తీరిక లేదు. కానీ మీరు గడియారం పట్టుకుని నర్సులు చేసే పనిని కొలిస్తే నేను చేసిన పని ఎక్కడికి పోతుంది? నాతోపాటు మా తమ్ముడు కూడా కూలీ మానుకుని వచ్చాడు.

డిండి డాక్టరు (దేవరకొండ)

మామిడి గారూ, ఈ చర్చ మొత్తంలో అసలైన ప్రశ్న మీది. మన దగ్గర వార్డులు నడుస్తున్నది అటెండెంట్ల చేతుల మీద. జరుగుతున్న పనిని మాత్రమే కొలిస్తే నర్సు చేయలేకపోయిన పని, బంధువు చేసిన పని రెండూ లెక్కలోంచి జారిపోతాయి. తొమ్మిది మంది ఎంత పని చేయగలరో అంతే పని వార్డులో కనబడుతుంది. దాన్ని కొలిచి ‘తొమ్మిది మంది చాలు’ అని రుజువు చేసినట్లవుతుంది.

వెంట ఎవరూ లేని రోగి వచ్చిన రోజు వార్డు ఎలా ఉంటుందో పిల్లలమర్రి గారిని అడగండి. అమ్రాబాద్ అడవి పల్లెల నుంచి, వలస వెళ్లి ఒంటరిగా తిరిగి వచ్చినవారిలో అలాంటివారు ఎంతమందో.

సోమశిల (నాగర్‌కర్నూలు)

అందుకే విస్న్‌లో నిమిషాలు ‘ఇప్పుడు ఎంత పడుతోంది’ అని కాదు, ‘శిక్షణ పొందిన మనిషి, ఇక్కడున్న పరిస్థితుల్లో, సరైన ప్రమాణంలో చేస్తే ఎంత పడుతుంది’ అని పెడతారు. అనుభవం ఉన్న నర్సులు కూర్చుని నిర్ణయించాలి. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు రోగి పక్కనే ఉండాలన్నది పాఠం. వార్డులో చూస్తే రెండు నిమిషాలు ఉండి వెళ్లిపోతారు. ప్రమాణంలో రాయాల్సింది 15, రెండు కాదు. ముక్కు గొట్టంలో ఆహారం నర్సు పని అయితే దాని సమయం నర్సు ఖాతాలోనే పడాలి, ఇవాళ ఎవరు పోస్తున్నా సరే.

వనపర్తి కొత్త (వనపర్తి)

నేను కొత్తగా చేరినదాన్ని. 2024 జనవరి చివర్లో ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మందికి ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చారు, ఆ జాబితాలో నేనూ ఉన్నాను. మెరిట్ మంచిదే వచ్చింది అని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నా సందేహం మామిడి అన్న సందేహానికి తిరగేసినది. నర్సు పని కానిది మేం చేస్తున్నాం, దాన్ని ఏం చేయాలి? మందుల స్టోరుకు వెళ్లి డబ్బాలు మోసుకురావడం, ల్యాబ్ రిపోర్టుల కోసం మెట్లు ఎక్కి దిగడం, స్ట్రెచర్ తోసే మనిషి లేకపోతే తోయడం, ఆరోగ్యశ్రీ ఫోటోలు, కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించడం. ఒక రోజు మధ్యాహ్నం డ్యూటీలో సగం సమయం ప్రింటర్ దగ్గరే గడిచింది. ఇవి లెక్కలో వేస్తే నర్సులు ఎక్కువ కావాలి అని వస్తుంది. కానీ కావలసింది నర్సా, డేటా ఆపరేటరా?

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

తల్లీ, మంచి మాట అడిగావు. విడిగా చూపాలి. నర్సు మాత్రమే చేయాల్సినవి, నర్సు పర్యవేక్షణలో వేరేవారు చేయగలిగినవి, నర్సుకు ఏ సంబంధం లేనివి. మూడో వరుస పెద్దదిగా వస్తే ముందు ఇద్దరు వార్డ్‌బాయ్‌లను, ఒక కంప్యూటర్ మనిషిని అడుగుతాను. ఆరుగురు నర్సులను అడగడం కన్నా అది త్వరగా రావచ్చు కూడా.

ఎక్కాలపుస్తకం (మిర్యాలగూడ)

అయితే మీకు కావలసింది గడియారం కాదు. స్టాప్‌వాచ్ పట్టుకుని నర్సు వెనుక తిరిగితే ఆమె ఆ రోజు పాఠ్యపుస్తకంలో ఉన్నట్లు చేతులు కడుక్కుంటుంది.

1930లలో ఇంగ్లండు బట్టల మిల్లుల్లో టిప్పెట్ అనే గణాంక శాస్త్రవేత్త ఒక ఉపాయం కనిపెట్టాడు. మగ్గం ఎంతసేపు ఆగిందో రోజంతా కాపలా కాయకుండా, ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లి ఆ క్షణంలో నడుస్తోందా ఆగిందా అని రాసుకోవడం. తగినన్నిసార్లు చూస్తే ఆ శాతమే సమయ శాతం. వార్డులోనూ అంతే. యాదృచ్ఛికంగా ఎంచిన వేళల్లో ఒక విద్యార్థి వార్డు చుట్టివచ్చి, డ్యూటీలో ఉన్న ప్రతి నర్సు ఆ క్షణంలో ఏం చేస్తోందో ఒక గుర్తు పెడితే చాలు.

ఎన్నిసార్లు చూడాలి? కాగితాల పని సుమారు 30 శాతం ఉంటుందనుకుని, 3 శాతం అటూ ఇటూ తేడాతో, 95 శాతం నమ్మకంతో తెలుసుకోవాలంటే 0.3ను 0.7తో, దాన్ని 3.84తో (95 శాతం నమ్మకానికి వాడే 1.96 వర్గం) హెచ్చించి 0.0009తో భాగించండి. దాదాపు 900 గుర్తులు. ఒక్కరోజులో పూర్తి చేయవద్దు. పక్కపక్క నిమిషాల్లో చూసినవి ఒకేలా ఉంటాయి, కొత్త సమాచారం రాదు. సోమవారం, ఆదివారం, రాత్రి అన్నీ పడేలా రెండు మూడు వారాలకు పరచండి. రాత్రి గుర్తులు వదిలేస్తే మొత్తం వదిలేసినట్లే.

సోమశిల (నాగర్‌కర్నూలు)

విద్యార్థులను నేను ఇప్పిస్తాను మేడమ్, మీ సూపరింటెండెంట్ గారు ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాస్తే చాలు. ఎవరి పేరూ కాగితం మీద ఉండదు, నర్సులకు ముందే చెప్పండి. తప్పులు పట్టడానికి వచ్చారనుకుంటే మొదటి రోజే పని ఆగిపోతుంది.

నిర్వాహకుడు

చిన్న మనవి. ఇద్దరు సభ్యులు ఫలానా ఆసుపత్రి అంటూ పేర్లతో ఫిర్యాదులు రాశారు, వాటిని తొలగించాను. పద్ధతుల గురించి ఎంతైనా రాయండి.

రాత్రిదీపం (నల్లగొండ)

ఒక భయం కూడా చెప్పనివ్వండి. పక్క వార్డు నిష్పత్తి 1.1 వచ్చి మీది 0.6 వస్తే, కొత్త పోస్టు ఒక్కటీ ఇవ్వకుండా అక్కడి నుంచి మనిషిని తీసి ఇక్కడ పెడతారు. ఆ వార్డు వాళ్లు మీతో మాట్లాడటం మానేస్తారు.

డిండి డాక్టరు (దేవరకొండ)

తీస్తే తీయనివ్వండి. పని ఉన్నచోట మనిషి ఉండాలి కదా. కానీ నిష్పత్తి ఒక్కటే చూసి తీయకూడదు. ఐదుగురు కావలసిన చోట ముగ్గురున్నా 0.6, పదిహేను మంది కావలసిన చోట తొమ్మిది మంది ఉన్నా 0.6. మొదటి చోట కొరత ఇద్దరు, రెండో చోట ఆరుగురు. రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలి.

నివేదిక ముందు పేజీలో ఒక విషయం రాయండి. 2002లో లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స రోగులను చూసింది. నర్సుకు సగటున ఒక్క రోగి పెరిగితే 30 రోజుల్లో మరణించే అవకాశం, వారి లెక్క ప్రకారం, 7 శాతం పెరిగింది. కాలిఫోర్నియాలో 2004 నుంచి చట్టమే ఉంది. ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరికి మించి రోగులను ఇవ్వకూడదు. అది రోజు మొత్తానికి కాదు, ఏ సమయంలోనైనా. ఫైలుబాబు గారి ఆఫీసుల్లో చదివినట్లు అక్కడ రెండు రకాలుగా చదవడానికి వీలు ఉంచలేదు.

ఫైలుబాబు (నల్లగొండ)

అమెరికా సంగతి ముందు పేజీలో వద్దు డాక్టరు గారూ, అనుబంధంలో పెట్టండి. ముందు పేజీలో అమెరికా కనబడితే ‘ఇది మనకు వర్తించదు’ అని రాయడం చాలా తేలిక. ముందు పేజీలో మన సంగతే ఉండాలి. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలుల్లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటికి అనుబంధంగా ఉన్నవి ఇప్పుడు బోధనాసుపత్రులు. వాటిలో నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన 3 పడకలకు ఒకరు అన్న మాట ఎత్తవచ్చు. మీది అందులో ఉందో లేదో నాకు తెలియదు, ఉంటే ఎత్తండి.

రెండోది. ఆ 9 పేర్లలో జీతం మీ దగ్గర, పని మరొకచోట ఉన్నవారు ఎంతమంది?

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

ఇద్దరు. ఒకరు రక్తనిధిలో, ఒకరు డెప్యుటేషన్ మీద వేరే ఊళ్లో.

ఫైలుబాబు (నల్లగొండ)

అయితే మీ నిష్పత్తి 9కి కాదు, 7కు కట్టాలి. 0.47. డెప్యుటేషన్ ఉత్తర్వు నంబరు, తేదీ వేసి మరీ రాయండి. కొత్త పోస్టు మంజూరు కావడానికి ఏళ్లు పడుతుంది, డెప్యుటేషన్ రద్దుకు ఒక్క సంతకం చాలు. ముందు ఆ ఇద్దరిని అడగండి.

వనపర్తి కొత్త (వనపర్తి)

అక్కా, మీరు వాడే పట్టిక నమూనా ఇక్కడ పెడతారా? మా వార్డులోనూ మొదలుపెట్టాలని ఉంది. మా హెడ్ మేడమ్ సరే అన్నారు, కానీ ‘నీ డ్యూటీ అయ్యాక చెయ్యి’ అన్నారు.

ఎక్కాలపుస్తకం (మిర్యాలగూడ)

డ్యూటీలో ఉన్నవారు తమ పనిని తామే గుర్తు పెట్టుకోకూడదమ్మా. డ్యూటీ అయ్యాక అయితే నువ్వు చూసేది మరొకరిని కాబట్టి పరవాలేదు.

మేడమ్, కొలతకు పండుగ వారం ఎంచుకోవద్దు, తనిఖీ బృందం వచ్చే వారం అసలే వద్దు. జ్వరాలు, పాముకాట్లు ఉండే ఆగస్టులో ఒకసారి, వార్డు కాస్త తేరుకునే ఫిబ్రవరిలో ఒకసారి. ఒక్క ఆగస్టుదే పంపితే ‘ఇది సీజను’ అంటారు.

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

ఫిబ్రవరి దాకా ఆగితే నాకు బదిలీ అయినా ఆశ్చర్యం లేదు మాస్టారూ. ఆగస్టుది ముందు పంపుతాను, కింద ‘రెండో విడత ఫిబ్రవరిలో’ అని రాస్తాను. డెప్యుటేషన్ రద్దు కోరుతూ ఉత్తరం ఈ రోజే సూపరింటెండెంట్ గారి టేబుల్ మీద పెట్టాను. సోమశిల గారూ, ప్రిన్సిపాల్ గారికి రాయాల్సిన ఉత్తరంలో విద్యార్థులు ఎంతమంది అని రాయమంటారు? రాత్రికి కూడా పంపుతారా, ఆడపిల్లలు కదా, హాస్టలు నుంచి రావడం పోవడం ఎవరు చూస్తారో ముందే తేల్చాలి.

సోమశిల (నాగర్‌కర్నూలు)

ఆరుగురు అని రాయండి. రాత్రికి ఇద్దరిద్దరు చొప్పున, నేను వెంట వస్తాను. 8 గంటల అప్పగింతకు ముందే వార్డులో ఉంటాం, తెల్లవారి 8 దాటాకే బయలుదేరుతాం. పట్టిక నమూనా ఆదివారం ఇక్కడే పెడతాను, వనపర్తి చెల్లెలు కూడా తీసుకోవచ్చు.